ఎబోలాను ఆపిన పోలియో గది

2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని నిలిపేసినప్పటి నుంచి నైజీరియాలో పాత గొడవ మళ్లీ రాజుకుంది. బయటి డబ్బుతో నిలబెట్టిన ఆరోగ్య సంస్థలు ఆ డబ్బు ఆగిపోతే ఉంటాయా, కూలిపోతాయా? కూలిపోతాయనే వాళ్లు జీతాలనూ మందులనూ చూపిస్తున్నారు. ఆ భయం నిజమే. కానీ 2014లో అక్కడి లాగోస్ నగరంలో జరిగింది చూడకుండా ఈ మాట తేల్చలేం.

ఆ ఏడాది జులై 20న లైబీరియా నుంచి వచ్చిన ప్రయాణికుడొకరు లాగోస్ ఎయిర్‌పోర్టులో కుప్పకూలారు. ప్రభుత్వ డాక్టర్లు సమ్మెలో ఉండటంతో ఆయన్ని ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడి డాక్టర్ అమెయో అడాదెవోకు ఎబోలా అని అనుమానం వచ్చింది. పంపించెయ్యమని ఎంత ఒత్తిడి వచ్చినా ఆమె రోగిని గడప దాటనివ్వలేదు. లాగోస్‌లోనే బోధనాసుపత్రి ల్యాబ్ అది ఎబోలాయేనని తేల్చింది. నెల తిరగకుండానే, ఆగస్టు 19న, అదే జబ్బుతో ఆమె చనిపోయారు.

కోటి దాటిన జనం ఉన్న నగరం. ప్రభుత్వం అప్పటికప్పుడు పోలియో అత్యవసర కేంద్రంలో పనిచేస్తున్న వాళ్లను పిలిచింది. ఆ కేంద్రంలో రెండో స్థానంలో ఉన్న డాక్టర్ ఫైసల్ షుయాయిబ్‌కు ఎబోలా బాధ్యత అప్పగించింది. రోగులను తాకినవాళ్లు, దగ్గరగా మసలినవాళ్లు దాదాపు 900 మంది అని లెక్క తేలింది. ఒక్కొక్కరి ఇంటికీ 21 రోజుల పాటు వెళ్లి జ్వరం చూసి రాసుకోవాలి. అలా దాదాపు 18,500 సార్లు తలుపు తట్టారు. చివరికి 20 కేసులు, 8 మరణాలతో ఆగింది. అక్టోబరు 20న నైజీరియాలో ఎబోలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అదే ఎబోలాకు గినీ, లైబీరియా, సియెర్రా లియోన్‌లలో కలిపి 11,000 మందికి పైగా పోయారు.

ఆ పోలియో కేంద్రం పుట్టింది 2012లో. ఆ ఏడాది ప్రపంచంలో నమోదైన 223 పోలియో కేసుల్లో 122 నైజీరియావే. గేట్స్ ఫౌండేషన్ డబ్బిచ్చింది, అమెరికా వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ మనుషులకు శిక్షణ ఇచ్చింది. కానీ అందరూ ఒకే గదిలో, ఒకే పటం ముందు కూర్చోవాలి, పెత్తనం మాత్రం నైజీరియా అధికారిది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. డాలర్లు ఎన్ని వచ్చినా, నిర్ణయం తీసుకోవడం అలవాటైన మనుషులు లేకపోతే ఆ జులైలో ఎవరిని పిలిచేవాళ్లు?

సొంత ప్రభుత్వం తప్పూ ఉంది. జాతీయ వ్యాధుల నియంత్రణ కేంద్రాన్ని 2011లో పెట్టి, దానికి చట్టం మాత్రం 2018 నవంబరులో చేశారు. ఏడేళ్లు అది చట్టం అండ లేకుండానే నడిచింది. సాయం ఆగాక 2025 ఫిబ్రవరిలో పార్లమెంటు ఆరోగ్యానికి అదనంగా 20 కోట్ల డాలర్లు కేటాయించింది. డిసెంబరులో కుదిరిన అయిదేళ్ల ఒప్పందంలో అమెరికా వాటా దాదాపు 210 కోట్ల డాలర్లు, నైజీరియా పెట్టాల్సింది దాదాపు 300 కోట్లు. ఇప్పుడు పెద్ద వాటా నైజీరియాదే కాబట్టి, ఆ గదిలో పెద్ద కుర్చీ కూడా దానికే ఉండాలని అడిగే హక్కు అక్కడి డాక్టర్లకు ఉంది.