బిగుసుకున్న నట్టుకు రెండడుగుల గొట్టం

చిరంజీవులకు,

పంచరైన కారుకు స్టెప్నీ వేయబోయేవాళ్లు ఎక్కువమంది ఆగిపోయేది వీల్ నట్ల దగ్గరే. కారుతో వచ్చిన ఎల్ పానా మీద ఎంత నొక్కినా నట్టు కదలదు. అప్పుడు పానా కాడకు ఇనుప గొట్టం తొడిగి విప్పుతారు. ఈ పని మీకూ వచ్చి ఉండాలి. కానీ నట్టును కదిలించే ఆ గొట్టమే స్టడ్డును, అంటే నట్టు ఎక్కే మరల కడ్డీని, తెగ్గొట్టగలదు. అందుకే ముందు లెక్క చెబుతాను.

బలాన్ని దూరంతో హెచ్చవేస్తే వచ్చేది టార్క్. చిన్న కార్ల వీల్ నట్లను సుమారు 100 న్యూటన్ మీటర్లకు బిగిస్తారు. షాపులో గాలి గన్‌తో బిగించి ఉంటే ఇంకా చాలా ఎక్కువ ఉండొచ్చు. దానికి తుప్పు తోడవుతుంది. 30 సెంటీమీటర్ల కాడ కొసన 20 కిలోల బరువుతో నొక్కితే వచ్చేది 59 మాత్రమే. గొట్టం తొడిగి అదే బరువు 70 సెంటీమీటర్ల దూరాన పెడితే 137. అక్కడే 60 కిలోల మనిషి ఎక్కి నిలబడితే 400 దాటుతుంది. పట్టేసిన నట్టు మీద అంత పడితే 12 మిల్లీమీటర్ల స్టడ్డు తట్టుకోవడం కష్టం. గొట్టం మీద చేతులే ఉండాలి, కాలు పెట్టొద్దు.

బండి జాకీ మీద లేనప్పుడే నట్లు వదులు చేయాలి. చక్రం నేల మీద ఉండాలి, హ్యాండ్ బ్రేక్ లాగి, గేరులో పెట్టి, ఎదురు మూలన ఉన్న చక్రానికి ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. జాకీ మీదున్న బండిని గొట్టంతో కుదిపితే పక్కకు ఒరిగి పడుతుంది.

బయటికి కనబడే మరలను వైర్ బ్రష్‌తో రుద్ది, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఓ పావుగంట ఆగండి. చాలా నట్లు ఇక్కడే లొంగుతాయి. ఈ ఓపిక లేకనే స్టడ్లు విరుగుతున్నాయని నా గట్టి నమ్మకం. గ్యాస్ మంటతో కాల్చే పని మాత్రం టైరు ఉన్న చక్రం దగ్గర వద్దే వద్దు, టైరు పేలే ప్రమాదం ఉంది.

గొట్టం అంగుళం జీఐ పైపు, మందపాటిది, రెండడుగుల ముక్క చాలు. పల్చటి పైపైతే మూతి చీలిపోతుంది, లేదా మధ్యలో వంగుతుంది. కాడ మీదికి కనీసం 15 సెంటీమీటర్లు ఎక్కాలి. కొసకు మాత్రం తగిలిస్తే జారి వచ్చేస్తుంది. పానా గుంత నట్టు మీద పూర్తిగా కూర్చోవాలి, ఆరు పలకలదైతే మేలు. పన్నెండు పలకలదైతే నట్టు మూలలు త్వరగా అరుగుతాయి. ఒకవైపే పట్టి తిప్పే పళ్ల పానా ర్యాచెట్‌కు గొట్టం తొడగొద్దు, లోపలి పళ్లు పోతాయి.

చక్రానికి ఎదురుగా నిలబడి, కాడను మీ ఎడమవైపు, నేలకు సమాంతరం కన్నా కొంచెం పైకి ఉండేలా పెట్టి కిందికి నొక్కండి. ఎల్ పానాతో వచ్చే పెద్ద చిక్కు, బలం నట్టుకు కాస్త ఇవతల పడటం. గొట్టం మీద భారం పెరిగేకొద్దీ పానా తల ఓరగా లేచి నట్టు మీంచి జారుతుంది. ఒక చేత్తో పానా వంపును చక్రం వైపు అదిమి పట్టండి, లేదా వంపు కింద ఇటుకలు పేర్చి ఆనించండి. నొక్కే చేతిని పిడికిలి బిగించకుండా అరచేత్తో ఆనించండి. జారితే వేళ్ల కణుపులు రోడ్డుకు కొట్టుకోకుండా ఉంటాయి. కుదుపులొద్దు, భారం మెల్లగా పెంచుతూ పోండి.

'టక్'మని శబ్దం వచ్చి తిరిగితే నట్టు వదిలినట్టే. శబ్దం లేకుండా, రబ్బరును మెలిపెట్టినట్టు మెత్తగా తిరుగుతుంటే స్టడ్డు మెలిపడుతోంది, వెంటనే ఆపండి. ఓ పిసరు బిగించే వైపు తిప్పి, మళ్లీ స్ప్రే కొట్టి, ఇటూ అటూ ఆడిస్తే తుప్పు పొర విడుతుంది.

అసలు ఎటు తిప్పాలో ముందే చూసుకోండి. కొన్ని పాత లారీల ఎడమ చక్రాల స్టడ్లకు ఎడమ మర ఉంటుంది. మీ సైకిల్ ఎడమ పెడల్‌కూ అంతే, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. తెలియక గొట్టం వేస్తే ఇంకా బిగిస్తారు.

తిరిగి బిగించేటప్పుడు గొట్టం తీసి పక్కన పెట్టేయండి. ఒక నట్టు తర్వాత దాని ఎదురు నట్టు బిగించుకుంటూ, చక్రం నేలకు దించాక పూర్తి బిగింపు ఇవ్వండి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి మళ్లీ పానా వేసి చూడండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య