తొలినాటి వెబ్‌సైట్లు: శ్రీకాకుళంలో విన్న అపోహలు, పనిలో తేలిన వాస్తవాలు

మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా అందుబాటులోకి వచ్చింది. ఆ తరువాత కొన్నేళ్లకు శ్రీకాకుళంలో టెలిఫోన్ లైన్ ద్వారా నడిచే డయలప్ కనెక్షన్ మీదే నేను వెబ్‌సైట్ల పని మొదలుపెట్టాను. ఆనాడు వ్యాపారుల దగ్గరా, తోటి పనివారి దగ్గరా విన్న కొన్ని మాటలు ఈనాటికీ వినిపిస్తూనే ఉన్నాయి గనుక, నా అనుభవంలో వాటిలో ఏది నిలిచిందో, ఏది నిలవలేదో ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: హోమ్ పేజీ పెళ్లి పందిరిలా ఉంటేనే జనం ఆగి చూస్తారు.

ఈ మాటను నేనూ నమ్మాను. పొందూరు ఖద్దరు అమ్మే ఒక కొట్టుకు చేసిన మొదటి పేజీలో తెర నిండా రాట్నం బొమ్మ పెట్టి, పైన స్వాగత వాక్యం పరుగెత్తేలా అమర్చి, పేజీ తెరవగానే వీణ మోగే ఏర్పాటు కూడా చేశాను. నా కంప్యూటర్‌లో అది క్షణంలో తెరుచుకునేది, ఎందుకంటే ఫైళ్లన్నీ నా హార్డ్ డిస్క్‌లోనే ఉన్నాయి. యజమానిని నెట్ సెంటర్‌కు తీసుకెళ్లి చూపించినప్పుడు మాత్రం బొమ్మ పైనుంచి కిందికి ఒక్కొక్క పట్టీగా దిగుతూ ఉండగా మేమిద్దరం మాట్లాడకుండా కూర్చున్నాము. చివరికి ఆయన, "బొమ్మ బాగానే ఉన్నాది బాబూ, కొట్టు ఎక్కడున్నాదో ఏ మూలన రాసినావు?" అని అడిగారు. చిరునామా మూడో పేజీలో ఉంది.

లెక్క వేసి చూస్తే తప్పు ఎక్కడ జరిగిందో తెలుస్తుంది. కంప్యూటర్‌ను టెలిఫోన్ లైన్‌కు కలిపే పరికరమైన మోడెమ్ వేగం 56 కిలోబిట్లు అంటే, ఎనిమిది బిట్లకు ఒక బైటు చొప్పున, కాగితం మీద సెకనుకు 7 కిలోబైట్లు. మా టెలిఫోన్ లైన్ల మీద అందులో సగం వస్తే గొప్ప. నేను పెట్టిన బొమ్మ 150 కిలోబైట్లు, అంటే అది పూర్తిగా దిగడానికి దాదాపు ముప్పావు నిమిషం పట్టింది. ఎదుటివారి దృష్టి ఒక పని మీద నిలిచేది పది సెకన్ల వరకేనని, జనం కంప్యూటర్‌ను ఎలా వాడతారో పరిశీలించే నిపుణుడు జాకబ్ నీల్సన్ 1993లోనే రాశారు. పైగా, నెట్ సెంటర్‌లో గంట లెక్కన డబ్బు కట్టే మనిషికి ఆ నిరీక్షణ అంతా సొంత ఖర్చు. ఆ రాత్రే బొమ్మను 12 కిలోబైట్లకు కుదించి, వీణను తీసేసి, చిరునామాను, ఫోన్ నంబరును, కొట్టు తెరిచి ఉండే వేళలను మొదటి పేజీ పైభాగానికి తెచ్చాను.

అపోహ: కరపత్రంలో ఉన్నదంతా ఎక్కించేస్తే చదివేవారు చదువుకుంటారు.

నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఈ విషయమే. నీల్సన్, ఆయన తోటి పరిశోధకుడు జాన్ మోర్క్స్ 1997లో ప్రకటించిన పరిశీలనలో, కొత్త పేజీ తెరిచినవారిలో 79 శాతం మంది దాన్ని పైపైన వెతికినవారే. మాట మాటా చదివినవారు 16 శాతమే. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్ర పర్యాటక సమాచారాన్ని వారు ఐదు రకాలుగా రాయించి పరీక్షించారు. మాటలను సగానికి తగ్గిస్తే పేజీని వాడడంలో సులువు 58 శాతం పెరిగింది. పొగడ్తలు తీసేసి విషయాన్ని ఉన్నదున్నట్టు రాసినందుకే 27 శాతం పెరిగింది.

ఈ రెండో అంకె చూశాక ఖద్దరు పేజీని మళ్లీ తిరగరాశాను. మొదట నేను రాసిన వాక్యం ఇది: "ప్రపంచ ప్రఖ్యాతి గాంచిన, అత్యున్నత నాణ్యతా ప్రమాణాలు కలిగిన, సాటిలేని మేటి ఖాదీ వస్త్రాలు మా వద్ద లభించును." ఇందులోని ప్రతి మాటనూ ఏ ఊరి ఏ బట్టల కొట్టుకైనా అతికించవచ్చు. దాని స్థానంలో, "వాలుగ చేప దవడతో పత్తిని ఏకి, చేత్తో వడికిన సన్న నూలుతో మగ్గం మీద నేసిన ధోవతులు, చీరలు" అని రాసి, కింద ఒక్కో రకం ధరను విడిగా ఇచ్చాను. చేప దవడ ప్రస్తావన చదివినవారు ఆగి, దాని గురించి అడగడానికి ఫోన్ చేసేవారు. పొగడ్త చదివి ఫోన్ చేసినవారు ఒక్కరూ లేరు.

లింకుల విషయంలోనూ ఇదే జరుగుతుంది. "ఇక్కడ నొక్కండి" అని పది చోట్ల రాస్తే, పైపైన వెతికే కంటికి ఆ పదీ ఒకేలా కనిపిస్తాయి. "చీరల ధరలు" అని రాస్తే ఆ రెండు మాటలే దారి చూపుతాయి.

అపోహ: మూడు క్లిక్కుల్లో దొరకకపోతే మనిషి వెళ్లిపోతాడు. 2003లో వెబ్ వాడకాన్ని పరిశీలించే జాషువా పోర్టర్ ప్రకటించిన పరిశీలన దీన్ని సమర్థించలేదు. సరైన దారిలోనే ఉన్నానన్న నమ్మకం అడుగడుగునా కలుగుతుంటే, ఐదో క్లిక్కుకూ మనిషి విసుగు చెందడు.

అపోహ: తెలుగును బొమ్మగా పెట్టడమే క్షేమం.

ఈ అపోహకు ఆనాడు గట్టి కారణమే ఉంది. ఒక్కో పత్రిక ఒక్కో ఫాంటును వాడేది, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెలుగుకు బదులు అర్థంలేని ఆంగ్ల అక్షరాలు కనిపించేవి. అన్ని భాషల అక్షరాలకూ ఒకే సంకేత పద్ధతి అయిన యూనికోడ్‌లో 1991 నుంచీ తెలుగు ఉన్నా, సామాన్యుల కంప్యూటర్‌కు అది చేరింది 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చాకనే. అప్పటివరకు నేనూ అక్షరాలను బొమ్మలుగానే పెట్టాను. కానీ బొమ్మలోని అక్షరం వెతికితే దొరకదు, నెమ్మదిగా దిగుతుంది, చూపులేనివారికి పేజీని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అందదు. బొమ్మ ఉన్న ప్రతిచోటా దానికి సమానమైన పాఠం ఇవ్వాలన్నది 1999లో వెలువడిన వెబ్ సౌలభ్య మార్గదర్శకాల్లో మొట్టమొదటి అంశం. ఈనాడు కూడా కరపత్రాన్ని ఫొటో తీసి పేజీలో అతికించేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆనాటి కారణం ఇప్పుడు లేదు.

అపోహ: పేజీ ఎక్కించడంతో పని ముగిసింది.

2000 దశకం మొదట్లో ల్యాండ్‌లైన్ నంబర్లకు ముందు 2 అంకె చేరింది. కొట్టు గోడ మీద బోర్డును యజమాని వారంలోనే మార్పించారు, పేజీలో మాత్రం పాత నంబరే ఉండిపోయింది. ఊరికి దూరంగా ఉన్నవారికి తెలిసిన నంబరు ఆ పేజీలోనిదే. అప్పటి నుంచి ఏ పేజీ చేసినా, దానిలో మారే అవకాశమున్న అంశాలను, అంటే నంబరు, ధరలు, వేళలను, ఒక కాగితం మీద రాసి యజమానికి ఇచ్చి, నెలకొకసారి ఆయన ఎదుటే ఒక్కొక్కటీ సరిచూస్తున్నాను.