కెమెరా మన చేతిలో లేనప్పుడు

ఇప్పుడొచ్చే గేముల్లో చాలావరకు కెమెరా ఆటగాడి చేతిలోనే ఉంటుంది. బొటనవేలితో స్టిక్‌ను కాస్త తిప్పితే చాలు, వెనక ఏముందో, మలుపు అవతల ఎవరున్నారో ముందే తొంగి చూసేయొచ్చు. సర్వైవల్ హారర్ గేముల్లో, అంటే చాలీచాలని ఆయుధాలతో ప్రాణాలు కాపాడుకుంటూ సాగే భయానక ఆటల్లో, ఒక పాయ మాత్రం ఈ సౌకర్యాన్ని కావాలనే తీసేస్తుంది. పైకప్పు మూలలోనో, మెట్ల కిందో కెమెరాను బిగించేసి, అక్కణ్ణుంచి కనిపించిందే చూడమంటుంది. ముప్పై ఏళ్ల కిందటి పద్ధతి ఇది. పెద్ద కంపెనీలు ఎప్పుడో పక్కన పెట్టేసిన ఈ పద్ధతిని ఇద్దరు ముగ్గురు కలిసి, ఒక్కోసారి ఒక్కరే కూర్చుని తయారుచేసే ఇండీ గేములు మళ్లీ చేతిలోకి తీసుకున్నాయి. పాత రోజుల మీద బెంగ తప్ప ఇందులో ఇంకేమీ లేదని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. మనిషి మెదడులో భయం ఎలా పెరుగుతుందో తెలుసుకున్నకొద్దీ, ఈ పాత పద్ధతికి ఉన్న బలం ఇంకా బాగా అర్థమవుతుంది.

మొదట్లో ఇది యంత్రాల పేదరికం నుంచి పుట్టిందన్న మాట నిజమే. 1992లో ఫ్రాన్స్‌కు చెందిన ఇన్ఫోగ్రామ్స్ కంపెనీలో ఫ్రెడెరిక్ రెనాల్ బృందం ‘అలోన్ ఇన్ ద డార్క్’ చేసినప్పుడు, మొత్తం ఇంటిని త్రీడీలో గీసే శక్తి అప్పటి కంప్యూటర్లకు లేదు. అందుకని గదులను బొమ్మలుగా వేసి, మనుషులను, దెయ్యాలను మాత్రం పాలిగాన్లతో (చిన్న చిన్న త్రీడీ పలకలతో) కట్టి ఆ బొమ్మల మీద నడిపించారు. బొమ్మ తిరగదు కాబట్టి కెమెరా కూడా తిరగదు. 1996లో క్యాప్‌కామ్ నుంచి షింజీ మికామీ దర్శకత్వంలో వచ్చిన ‘రెసిడెంట్ ఈవిల్’ ఇదే దారిలో నడిచింది. ప్లేస్టేషన్‌కు (ఆ ఆట వచ్చిన సోనీ గేమ్ యంత్రం) ఉన్న ప్రధాన మెమరీ 2 మెగాబైట్లు, వీడియో మెమరీ 1 మెగాబైట్. అంత చిన్న జాగాలో ఒక పాత బంగళాను నమ్మించాలంటే, దాన్ని ముందుగానే శక్తిమంతమైన కంప్యూటర్ల మీద తీరిగ్గా తయారుచేసుకుని బొమ్మలుగా దాచుకోవడమే మార్గం.

లోపల జరిగే పని చాలా ముచ్చటగా ఉంటుంది. ప్రతి గది నేల మీద కంటికి కనిపించని గీతలు ఉంటాయి. పాత్ర ఒక గీత దాటగానే పాత బొమ్మ పోయి, ఇంకో కోణం నుంచి వేసిన కొత్త బొమ్మ వస్తుంది. పాత్ర బల్ల వెనక నుంచి నడిచినప్పుడు, బొమ్మలో బల్ల ఉన్నంత ముక్కను మాత్రం మళ్లీ పాత్ర మీద అతికిస్తారు. దాంతో మనిషి నిజంగానే బల్ల వెనక ఉన్నట్టు కనిపిస్తుంది. ఈ పద్ధతిలో గేమ్ చేసే కొత్తవాళ్లకు మొదట ఎదురయ్యే చిక్కు కూడా ఈ గీతల దగ్గరే. పాత్ర సరిగ్గా గీత మీద నిలబడి అటొక అడుగు, ఇటొక అడుగు వేస్తే తెర రెండు కోణాల మధ్య టపటపా కొట్టుకుంటుంది. వెళ్లేటప్పుడు ఒక గీత, వచ్చేటప్పుడు కాస్త వెనగ్గా ఇంకో గీత పెడితే ఆ గోల పోతుంది.

యంత్రాల పేదరికం తీరిపోయాక కూడా ఈ పద్ధతి ఎందుకు బతికింది? జవాబు కోసం గేముల నుంచి కాసేపు ప్రయోగశాలకు వెళ్దాం.

2016లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 45 మంది చేత ఒక చిన్న కంప్యూటర్ ఆట ఆడించారు. తెర మీద రాళ్లు కనిపిస్తుంటాయి. రాయి కింద పాము ఉందో లేదో ఊహించి చెప్పాలి. పాము ఉంటే చేతికి నొప్పి పుట్టేలా కరెంట్ షాక్ తగులుతుంది. ఏ రాయి కింద పాము ఉండే అవకాశం ఎంతో ఆడుతూ ఆడుతూ నేర్చుకోవాలి, పైగా ఆ అవకాశం మధ్యమధ్యలో మారుతుంటుంది. అరచేతి చెమటను, కంటిపాప విప్పారడాన్ని కొలుస్తూ పోతే తేలింది ఇది: షాక్ ఖాయంగా తగులుతుందని తెలిసినప్పటి కన్నా, తగలొచ్చు తగలకపోవచ్చు అన్నట్టు సరిగ్గా సగానికి సగం అవకాశం ఉన్నప్పుడే జనం ఎక్కువ ఒత్తిడికి లోనయ్యారు. అనుమానం కంటే నొప్పే నయమన్నట్టుగా శరీరం స్పందించింది.

ఇప్పుడు ఫిక్స్‌డ్ కెమెరా ఉన్న ఒక గదిని తీసుకోండి. కారిడార్ చివర, పైకప్పుకు దగ్గరగా కెమెరా ఉంది. పాత్ర మనవైపే నడిచి వస్తోంది. ఆమె ముందు ఏముందో ఆమెకు కనిపిస్తుంది, మనకు కనిపించదు. ఎందుకంటే అది కెమెరా కింద ఉంది. ఎవరో కాలు ఈడ్చుకుంటూ నడుస్తున్న చప్పుడు వస్తోంది. ఆ చప్పుడు పక్క గదిదా, ఇంకో రెండడుగుల దూరంలోదా? నిలబడిపోతే తెలియదు. తెలుసుకోవాలంటే గీత దాటాలి. గీత దాటితే వెనక్కి రావడానికి సమయం ఉంటుందో ఉండదో. రాయి కింద పాము ఉందా లేదా అన్న ప్రశ్ననే ఈ గేములు గది గదికీ అడుగుతుంటాయి. ఆటగాడి చేతికి కెమెరా ఇచ్చిన మరుక్షణం ఆ ప్రశ్నకు బలం తగ్గిపోతుంది.

అలా పెంచిన టెన్షన్ తర్వాత వచ్చే ఉలికిపాటు కూడా వేరుగా ఉంటుంది. కనురెప్ప కండరం దగ్గర ఎలక్ట్రోడ్లు పెట్టి, హఠాత్తుగా పెద్ద చప్పుడు వినిపిస్తే రెప్ప ఎంత బలంగా పడుతుందో కొలవడం మనస్తత్వ శాస్త్రంలో పాత పద్ధతి. ముందే భయపడుతూ ఉన్న మనిషి రెప్ప మామూలు కంటే బలంగా పడుతుంది. అంటే అరుపుల కంటే అరుపుకు ముందు గడిచే నిమిషాలకే విలువ ఎక్కువ. మొదటి ‘రెసిడెంట్ ఈవిల్’లో ఒక కారిడార్‌లో నడుస్తుంటే కుక్కలు కిటికీ అద్దాలు పగలగొట్టుకుని లోపలికి దూకుతాయి. 2002లో అదే గేమ్‌ను గేమ్‌క్యూబ్ కోసం కొత్తగా చేసినప్పుడు, ఆ కారిడార్‌లో మొదటిసారి అద్దం కేవలం బీటలు వారుతుంది. కుక్కలు రావు. అవి తర్వాత ఎప్పుడో, మనం మళ్లీ అటుగా వెళ్లినప్పుడు వస్తాయి. పాత ఆట ఆడినవాళ్ల జ్ఞాపకాన్నే అనుమానంగా మార్చేసిన ఆ చిన్న మార్పు నాకు ఈ కళలో ఒక శిఖరంలా అనిపిస్తుంది.

ఇక నడిపించే తీరు. దీన్ని ట్యాంక్ కంట్రోల్స్ అంటారు. పైబటన్ నొక్కితే పాత్ర తను చూస్తున్న వైపుకు నడుస్తుంది. కుడి, ఎడమ బటన్లు నొక్కితే నిలబడిన చోటే ఆ పక్కకు తిరుగుతుంది. తెర మీద ఎటు కనిపిస్తోంది అన్న దానితో సంబంధం లేదు. రిమోట్ కారు మనవైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారైనట్టు, పాత్ర కెమెరా వైపు నడిచేటప్పుడు కొత్త ఆటగాళ్లు తడబడతారు. 1971లో రోజర్ షెపర్డ్, జాక్వెలిన్ మెట్జ్‌లర్ చేసిన ప్రసిద్ధ ప్రయోగం ఒకటుంది. రెండు త్రీడీ ఆకారాలు ఒకటేనా కాదా అని చెప్పడానికి పట్టే సమయం, వాటి మధ్య కోణం పెరిగినకొద్దీ అదే లెక్కన పెరుగుతూ పోయింది. మనసులో ఒక ఆకారాన్ని తిప్పి చూసుకోవడానికి నిజంగానే సమయం పడుతుందన్నమాట. పాత్ర మనకు ఎదురుగా తిరిగి ఉన్నప్పుడు మెదడు మోసే అదనపు బరువు ఇలాంటిదే అనుకోవచ్చు.

మరి ఈ ట్యాంక్ కంట్రోల్స్ ఎందుకు పెట్టారు? మొదటి ప్లేస్టేషన్ కంట్రోలర్‌కు ఎటైనా వంచగలిగే ఎనలాగ్ స్టిక్కులు లేవన్నది ఒక కారణం మాత్రమే. అసలు కారణం కెమెరా కోణం హఠాత్తుగా మారడంలో ఉంది. తెర ప్రకారం నడిపే పద్ధతిలో పాత్ర కుడివైపు పరిగెత్తుతుంటే, గీత దాటగానే కొత్త కోణంలో ఆ దారి ఎడమవైపు అయిపోవచ్చు. వేలు కుడివైపే ఉంటుంది కాబట్టి పాత్ర గిర్రున తిరిగి, వచ్చిన దారినే వెనక్కి పరిగెడుతుంది. మళ్లీ గీత దాటుతుంది, మళ్లీ తిరుగుతుంది. వెంటపడుతున్నవాడికి దొరికిపోవడానికి ఇంతకంటే సులువైన మార్గం లేదు. ట్యాంక్ కంట్రోల్స్‌లో ఈ చిక్కు రాదు. కోణం ఎన్నిసార్లు మారినా "ముందుకు" అంటే ముందుకే. చాలామంది దీన్ని చేతకాని డిజైన్ అని తిడతారు గానీ, కెమెరా మారిపోయే ఆటకు ఇంత నిలకడైన పరిష్కారం ఇంకోటి కనిపించదు. ఈమధ్య గేముల్లో ఎనలాగ్ స్టిక్‌కు ఒక సర్దుబాటు చేస్తున్నారు: కోణం మారినా, వేలు వదిలేదాకా పాత దిశనే పట్టుకుని ఉంచుతారు. బాగానే పనిచేస్తుంది. అయితే కంగారులో వేలు ఒక్క క్షణం జారితే దిశ మారిపోతుంది, కంగారు లేని హారర్ గేమ్ అంటూ ఉండదు కదా.

ఇండీ గేముల దగ్గరికి వస్తే, అవి ఈ వారసత్వంలోంచి ఏం తీసుకున్నాయో, ఏం వదిలేశాయో చూడటం ఆసక్తిగా ఉంటుంది. చిలీ దేశపు డ్యూయల్ ఎఫెక్ట్ చేసిన ‘టార్మెంటెడ్ సోల్స్’ (2021) కెమెరా పరిమితి మీద ఇంకో పరిమితి పేర్చింది. చీకట్లో వెలుతురు లేకుండా కాసేపు నిలబడితే పాత్ర చచ్చిపోతుంది. లైటర్ వెలిగించి పట్టుకుంటే ఆయుధం పట్టుకోలేదు. చూడాలా, పోరాడాలా అన్నది ఎప్పటికప్పుడు తేల్చుకోవాలి. బెల్జియంకు చెందిన క్యాస్పర్ క్రూస్ చేసిన ‘అలీసా’ (2021) అచ్చంగా తొంభైల నాటి డిస్క్‌లోంచి ఊడిపడినట్టు ఉంటుంది. హాంబర్గ్‌లో యూరీ స్టెర్న్, బార్బరా విట్మన్ ఇద్దరే నడిపే రోజ్-ఇంజిన్ వారి ‘సిగ్నాలిస్’ (2022) కెమెరాను పైనుంచి ఏటవాలుగా పెట్టి, గది మొత్తం చూపించేస్తుంది. అక్కడ భయం పుట్టేది మోయగలిగిన వస్తువుల దగ్గర. ఉన్నవి ఆరు గడులే. తాళంచెవి తీసుకుంటే తూటాలు వదలాలి. బ్రిటన్‌లో వియాన్ సోదరులు చేసిన ‘క్రో కంట్రీ’ (2024) ఏకంగా కెమెరాను మనల్నే తిప్పుకోనిస్తుంది, శత్రువులే లేకుండా తిరిగే పద్ధతిని కూడా ఇస్తుంది. అయినా గురిపెట్టాలంటే నిలబడిపోవాల్సిందే.

ఈ గేములు చాలావాటిలో గోడలు వణుకుతున్నట్టు, అల్లికలు (గోడల, నేలల మీద అతికించే బొమ్మలు, అంటే టెక్స్చర్లు) వంకర పోతున్నట్టు కనిపించడం చూసే ఉంటారు. మొదటి ప్లేస్టేషన్ ఆకారాలను కట్టే త్రిభుజాల మూలలను పిక్సెల్‌లో (తెర మీది ఒక చుక్కలో) భాగాల దాకా లెక్కించేది కాదు, దగ్గరి పిక్సెల్‌కు సర్దేసేది. అల్లికలు అతికించేటప్పుడు దూరాన్ని లెక్కలోకి తీసుకునేది కాదు. ఇప్పటి యంత్రాలు ఆ తప్పులు చేయవు కాబట్టి, వాటిని మళ్లీ తప్పు చేయించడానికి ప్రత్యేకంగా కోడ్ రాస్తున్నారు. అందంగా ఉంటుంది గానీ, భయానికి అదే మూలం అనుకునేవాళ్లు పొరబడుతున్నారని నా అభిప్రాయం. వణికే గోడలు పెట్టి కెమెరా కోణాలను నిర్లక్ష్యం చేసిన గేమ్ పది నిమిషాల్లో చప్పబడిపోతుంది.

అలాగే, కెమెరాను శత్రువును దాచిపెట్టడానికి మాత్రమే వాడి, చప్పుడైనా చేయని ఆ శత్రువుతో దెబ్బ తినిపించే గేములు కూడా ఉన్నాయి. అది అనుమానం కాదు, అన్యాయం. ఏదో ఒక ఆధారం ఉంటేనే మనసు లెక్కలు వేస్తుంది. నేల మీద నీడో, అద్దంలో కదలికో, మూలుగో ఇచ్చి తీరాలి.

ఇలాంటి ఆధారాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది గురిపెట్టే బటన్‌లో ఉంది. ఈ తరహా చాలా గేముల్లో ఆ బటన్ నొక్కగానే పాత్ర తనంతట తానే దగ్గర్లోని శత్రువు వైపు తిరుగుతుంది. శత్రువు తెర మీద లేకపోయినా సరే. మన కంటికి ఖాళీ కారిడార్, ఆమె తుపాకీ మాత్రం ఎడమవైపు చీకటికి గురిపెట్టి ఉంటుంది. తుపాకీ పేల్చితే తూటాలు వృథా కావచ్చు, పేల్చకపోతే వాడు దగ్గరికి రావచ్చు. కొందరు ఆటగాళ్లు గదిలోకి అడుగుపెట్టగానే ముందు ఆ బటన్ నొక్కి చూసుకుంటారు, పాత్ర మెడ ఎటు తిరుగుతుందో అని. డిజైనర్లు ఎవరూ పాఠంలా చెప్పని ఈ అలవాటును ఆటగాళ్లే కనిపెట్టుకున్నారు. కొత్తగా ఈ గేములు చేసేవాళ్లు దాన్ని మోసం కింద తీసేయకుండా, ఎంత దూరం వరకు పనిచేయనివ్వాలో జాగ్రత్తగా కొలిచి పెట్టుకుంటే మంచిది.