బండి ఊపు, బియ్యం బస్తాలు, షాకబ్జర్ల లెక్క

నాన్న వాడిన స్టాండర్డ్ హెరాల్డ్ ఇప్పటికీ విజయనగరంలో మా ఇంటి వాకిట్లోనే ఉంది. రెండు తలుపుల బండి, మద్రాసులో 1961 నుంచి తయారైన రకం. పాత స్పోర్ట్స్ కారులో ప్రయాణం సుఖంగా ఉండాలంటే షాకబ్జర్లు ఎలా ఎంచుకోవాలో ఈ బండి మీదే నేర్చుకున్నాను. ఇది స్పోర్ట్స్ కారెలా అవుతుంది అని అడిగేవాళ్ళుంటారు, కానీ 1962లో ఇంగ్లండులో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారుని ఈ హెరాల్డ్ చాసిస్‌నే, అంటే అడుగు ఇనప చట్రాన్నే, పొట్టి చేసి కట్టారు, రెండిటి బాడీ గీసింది కూడా ఒక్కడే, జొవాన్ని మికెలొట్టి అనే ఇటలీ ఆయన. ముందు చక్రాల దగ్గర రెండిటికీ అమరిక ఒకటే, పైనా కిందా విష్‌బోన్లు, అంటే చక్రాన్ని పట్టుకునే చీలిన ఇనప చేతులు, వాటి మధ్య కాయిల్ స్ప్రింగు, స్ప్రింగు లోపల షాకబ్జర్. వెనకాల మాత్రం బండికి అడ్డంగా ఇనప పట్టీల కమాను కట్ట ఒకటే. అందుకని నేను హెరాల్డ్ మీద నేర్చుకున్నది స్పిట్‌ఫైర్ ఉన్నోళ్ళకీ పనికొస్తుంది.

రెండేళ్ళ కిందట ముందు చక్రాల షాకబ్జర్ల నూనె కారిపోయి బండి పడవలా ఊగుతుంటే, పాత స్పోర్ట్స్ కార్లకి ఇవే వేస్తారు అని చెబితే నమ్మి, బాగా గట్టి జత ఒకటి తెప్పించి వేయించాను. కొత్తవి కదా, ఖరీదైనవి కదా, సుఖంగా ఉంటుందనుకున్నా. అమ్మని ఎక్కించుకుని గజపతినగరం బయల్దేరాను, దారిలో తారు అతుకు వేసిన చోటల్లా నడుం మీద ఎవరో గుద్దినట్టే ఉంది, కల్వర్టు దాటినప్పుడల్లా పళ్ళు కొట్టుకున్నాయి, ఊరు చేరేసరికి అమ్మ డోరు పట్టుకుని మెల్లగా దిగి కాసేపు అలా నిలబడిపోయింది. ఆ రోజు చాలా బాధపడ్డాను. అసలు షాకబ్జర్ అనేది ఏం చేస్తుందో తెలుసుకోకుండా దాన్ని కొన్నానని అప్పుడే అర్థమైంది.

సాలూరు లారీల పని చేసి చేసి జుట్టు నెరిసిన మా మెకానిక్ బాబాయ్ ఒకే ముక్కలో చెప్పాడు. "సూడు బాబూ, దెబ్బ తినీది స్ప్రింగు, ఇది ఊపు ఆపీది. పేరు సూసి మోసపోకు." నిజమే, గుంతలో పడ్డప్పుడు ఆ దెబ్బని మింగేది స్ప్రింగే. మింగాక దాన్ని వదిలేయాలి కదా, వదిలేటప్పుడు బండి పైకి లేస్తుంది, మళ్ళీ కిందకి, మళ్ళీ పైకి, చెట్టుకి కట్టిన ఉయ్యాల లాగ. ఆ ఊపులో ఉన్న శక్తిని నూనెలో తోసి వేడిగా మార్చి పారేయడమే షాకబ్జర్ పని. ఇంగ్లండులో దాన్ని డ్యాంపర్ అనే అంటారు, అంటే ఊపు తగ్గించేది, మనం వాడే పేరు కంటే ఆ పేరే సరైనది.

లోపల ఉన్నది చాలా చిన్న సంగతి. ఒక గొట్టం, నిండా నూనె, రాడ్డు చివర పిస్టను, పిస్టనుకి సన్నటి కంతలు, ఆ కంతల మీద పల్చటి స్టీలు బిళ్ళలు. చెరువులో చెయ్యి మెల్లగా కదిపితే నీళ్ళు దారి ఇస్తాయి, విసురుగా కొడితే గోడలా అడ్డొస్తాయి, ఇదీ అంతే. ఒట్టి కంత మాత్రమే ఉంటే వేగం రెట్టింపైతే అడ్డు దాదాపు నాలుగింతలవుతుంది, గుంత దగ్గర రాడ్డు సెకనుకి మీటరు పైనే దూసుకెళ్ళొచ్చు, అంత వేగంలో నూనె దారి ఇవ్వకపోతే షాకబ్జర్ కడ్డీలా బిగుసుకుపోయి దెబ్బ తిన్నగా సీటుకి వచ్చేస్తుంది. అందుకే బిళ్ళలు, ఒత్తిడి పెరిగితే అవి వంగి నూనెకి పెద్ద దారి తెరుస్తాయి. మంచి షాకబ్జర్‌కీ చెడ్డదానికీ తేడా అంతా ఆ బిళ్ళల్లోనే ఉంది.

ఇంకొకటి, నొక్కేటప్పుడూ సాగేటప్పుడూ అడ్డు ఒకేలా ఉండకూడదు. చక్రం పైకి తోసుకొచ్చేటప్పుడు స్ప్రింగు ఎలాగూ అడ్డుపడుతోంది, దానికి తోడు షాకబ్జర్ కూడా గట్టిగా అడ్డుపడితే ఆ దెబ్బంతా మన వెన్నుకే. స్ప్రింగు తిరిగి విచ్చుకునేటప్పుడు పట్టి ఆపడమే దాని అసలు పని, అందుకే మామూలు కార్లలో సాగేటప్పటి అడ్డు నొక్కేటప్పటి కంటే రెండు మూడు రెట్లు పెడతారు. అలాగని సాగేటప్పుడు మరీ బిగిస్తే ఇంకో బాధ, వరసగా చిన్న గతుకులొస్తే చక్రం ఒకదాన్నుంచి తేరుకునేలోపు ఇంకోటి వచ్చి బండి కొంచెం కొంచెంగా కిందకి కుంగి, చివర్లో అడ్డు పెట్టిన రబ్బరు స్టాపుల మీద కూర్చుంటుంది. నేను వేయించిన జత రెండు వైపులా గట్టిదే, ఈ రెండు బాధలూ పడ్డాను.

మరి మన బండికి ఎంత కావాలి? దీనికి స్ప్రింగు సంగతి ముందు తెలియాలి, స్ప్రింగు తెలియకుండా షాకబ్జర్ ఎంచుకోవడం చెయ్యి కొలవకుండా గాజులు కొన్నట్టే. మేం బియ్యం బస్తాలతో కొలిచాం. హెరాల్డ్ బానెట్టు మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకి తెరుచుకుంటుంది, తెరిచి రెండు పక్కలా స్ప్రింగు పైకొస ఆనుకునే టవర్ల మీద చెక్కలు పెట్టి, చెరోవైపు 25 కిలోల బస్తాలు రెండేసి, అంటే మొత్తం 100 కిలోలు ఎక్కించి, బండిని ఓసారి పైకీ కిందకీ ఊపి వదిలేసి టేపుతో కొలిస్తే ముందు భాగం 3 సెంటీమీటర్లు దిగింది. ఊపకుండా కొలిస్తే బుష్‌ల, అంటే కీళ్ళ దగ్గరుండే రబ్బరు తొడుగుల, రాపిడికి తప్పు లెక్క వస్తుంది. ముందు స్ప్రింగుల మీద పడే బరువు సుమారు 400 కిలోలు అనుకుంటే, ఆ స్ప్రింగులు బండి సొంత బరువుకే 12 సెంటీమీటర్లు నొక్కుకున్నాయన్నమాట. ఇప్పుడు సులువైన లెక్క, 5ని ఆ సెంటీమీటర్ల వర్గమూలంతో భాగిస్తే సెకనుకి బండి ఎన్నిసార్లు ఊగుతుందో వస్తుంది. మాకు 1.4 దాకా వచ్చింది. 25 సెంటీమీటర్లు నొక్కుకునే మెత్తటి పెద్ద కారుకి సరిగ్గా 1 వస్తుంది.

ఈ అంకె ఎందుకంటే, మన ఒళ్ళు సెకనుకి 1 నుంచి 2 ఊపుల్ని బాగానే ఓర్చుకుంటుంది, మనం నడిచే నడకే ఇంచుమించు అంత. పైకీ కిందకీ ఊపు సెకనుకి 4 నుంచి 8 మధ్యలో ఉంటే మాత్రం మనిషికి ఎక్కువ బాధ, పొట్టా వెన్నూ దానికి తాళం వేస్తాయి. గట్టి షాకబ్జర్ చేసే హాని ఇదే, మెల్లటి ఊపుని ఆపుతూనే ఈ గబగబా అదురుని లోపలికి పంపించేస్తుంది. పూర్తిగా ఊగకుండా ఆపడానికి కావాల్సిన అడ్డుని నూరు అనుకుంటే, సుఖంగా వెళ్ళే కారుకి అందులో 25, 30 చాలు. 25 దగ్గర ఒక పూర్తి ఊపు తర్వాత ఐదో వంతు మిగులుతుంది, ఇంకో ఊపుకి ఆగిపోయినట్టే. 10కి దిగిపోయిన ముసలి షాకబ్జర్‌కి సగం పైనే మిగులుతుంది, అదే పడవ ఊపు. మా బండికి ముందు ఒక్కో చక్రం దగ్గర లెక్క వేస్తే, సెకనుకి 10 సెంటీమీటర్ల వేగంలో దాదాపు 10 కిలోల బరువంత అడ్డు చాలు. షాకబ్జర్ చక్రం కంటే లోపలికి బిగించి ఉంటుంది కాబట్టి దాని దగ్గర ఇంతకంటే ఎక్కువే కావాలి, ఆ తేడా మర్చిపోతే లెక్క పాడవుతుంది.

రకాల విషయానికొస్తే, ఒకే గొట్టం ఉండి అడుగున గట్టి ఒత్తిడితో నైట్రోజన్ నింపిన రకం ఫ్రాన్సుకి చెందిన ద కార్బన్ ఆలోచన, జర్మనీ కంపెనీ బిల్‌స్టీన్ దాన్ని పేరులోకి తెచ్చింది. నూనె నురగ కట్టదు, వేడి త్వరగా పోతుంది, రేసుకి అదే మేలు. కానీ ఆ గ్యాసు రాడ్డుని ఎప్పుడూ బయటికి తోస్తూనే ఉంటుంది, సీలు బిగువు ఎక్కువ, 800 కిలోల తేలిక బండిలో చిన్న చిన్న గతుకులకి అది చప్పున కదలదు. రెండు గొట్టాల రకం, తక్కువ ఒత్తిడి గ్యాసు ఉన్నదో ఒట్టి నూనెదో, మన రోడ్లకీ ఈ వయసు బండికీ నాకు మేలనిపించింది. హాలెండుకి చెందిన కోని కంపెనీ పాత కార్లకి చేసేవాటిలో సాగేటప్పటి అడ్డుని తిప్పి మార్చుకునే రకాలున్నాయి, అలాంటిది దొరికితే అన్నిటికంటే తక్కువ దగ్గర మొదలెట్టి, ఊపు రెండోసారికి ఆగేదాకా కొంచెం కొంచెం బిగించుకుంటూ పోవాలి. ఎంజీబీ అనే ఇంగ్లండు స్పోర్ట్స్ కారు ఉన్నోళ్ళకి వేరే సంగతి, దాని ముందు షాకబ్జర్ గొట్టం రకం కాదు, దానికుండే ఊగే చెయ్యే పై విష్‌బోనుగా పనిచేస్తుంది, దాన్ని పీకి గొట్టం రకం పెట్టే ముందు ఉన్నదానికి నూనె నింపి, బాగుచేయించి చూడడం మంచిది.

పాతది పోయిందో లేదో చేత్తోనే తెలుస్తుంది. బాబాయ్ మా కారిపోయిన దాన్ని నిలబెట్టి రాడ్డు నొక్కించాడు, మొదటి అరంగుళం ఏ అడ్డూ లేకుండా జారిపోయి తర్వాత టక్కున పట్టుకుంది, లోపల నూనె తగ్గి గాలి చేరిందన్నమాట. మంచిది మొదటి నుంచి చివరి దాకా తేనెలో చెంచా కదిపినట్టు ఒకే బిగువుతో వెళ్తుంది.

గట్టి జత తీసేసి రెండు గొట్టాలది వేసేటప్పుడు ఇంకో తప్పు కూడా బయటపడింది. మొదటిసారి బిగించినతను బండి జాకీ మీద ఉండగానే, చక్రాలు వేలాడుతుంటే బోల్టులు పూర్తిగా బిగించేశాడు. రబ్బరు బుష్ ఆ వేలాడిన పొజిషన్లో అతుక్కుంటుంది, బండి దించగానే మెలిపడి అదే ఒక స్ప్రింగులా అడ్డుపడుతుంది, నెలల్లో చిరిగిపోతుంది కూడా. ఈసారి బండి నేల మీదకి దించి, ఇద్దరం లోపల కూర్చుని, అప్పుడు బాబాయ్ కిందకి దూరి స్పానరు తిప్పాడు. రబ్బరు బదులు గట్టి పాలీయూరిథేన్ బుష్‌లు వద్దన్నాను, సన్న అదురుని తినేది ఆ రబ్బరే. టైర్లలో గాలి కూడా బండి పుస్తకంలో ఉన్నంతే పెట్టించాను, అంతకు ముందు చాలా ఎక్కువుండేది, అది కూడా కొంత బాధ పెట్టిందని ఇప్పుడనిపిస్తోంది.

మళ్ళీ అమ్మతో అదే గజపతినగరం రోడ్డు. కల్వర్టు దగ్గర బండి ఒక్కసారి మెత్తగా దిగి లేచి సర్దుకుంది, అమ్మ మాట ఆపకుండా చెప్పుకుంటూనే ఉంది.

వెనక జత ఇంకా కొనలేదు. అక్కడ కమాను పట్టీలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటాయి, ఆ రాపిడే సగం షాకబ్జర్, తుప్పు పట్టి బిగుసుకుంటే ఎంత మంచి షాకబ్జర్ వేసినా బండి గెంతుతూనే ఉంటుంది. అందుకని కట్ట విప్పించి, పట్టీలు కడిగించి, మధ్యలో గ్రీజు రాయించి, మళ్ళీ బస్తాలు ఎక్కించి ఊపులు లెక్కపెట్టాకే ఆ లెక్కకి సరిపోయే జత చూస్తాను.