వ్యాక్సిన్ బ్యాచ్ పరీక్షల్లో ఎలుకలు, ఎలైజా ప్లేట్లు: అపోహలు - వాస్తవాలు

కొత్త వ్యాక్సిన్ కనిపెట్టేటప్పుడు జంతువుల మీద పరీక్షలు చేస్తారని అందరికీ తెలుసు. అమ్మకానికి వెళ్లే బ్యాచ్‌లకు కూడా మళ్లీ జంతువులు కావాల్సి వస్తుందని చాలామందికి తెలియదు. నేను పనిచేసేది ఆ రెండో చోట, అంటే తయారైన బ్యాచ్‌ల నాణ్యత చూసే క్యూసీ (క్వాలిటీ కంట్రోల్)లో. అక్కడ ఎలుకల బదులు ఎలైజా ప్లేట్లు (యాంటీబాడీలు పూసి, వ్యాక్సిన్‌లోని ప్రొటీన్‌ని రంగు మార్పుతో కొలిచే గుంటల పలకలు) వస్తున్నాయనగానే జనం అడిగేవి ఇవి.

అపోహ: ఎలుక బతికితే వ్యాక్సిన్ పనిచేసినట్టే. అంతకు మించిన రుజువేముంది?

రేబిస్ వ్యాక్సిన్‌కి ఆ పరీక్ష ఎలా చేస్తారో చూడండి. వ్యాక్సిన్‌ని రకరకాలుగా పలుచన చేసి, వారం తేడాతో రెండుసార్లు ఎలుకల పొట్టలోకి ఎక్కిస్తారు. పద్నాలుగో రోజున పుర్రెలోంచి నేరుగా మెదడులోకి 0.03 మిల్లీలీటర్ల రేబిస్ వైరస్. ఆ తర్వాత ఇంకో 14 రోజులు బోనులు చూసుకోవడమే పని: ఏ ఎలుకకు వెంట్రుకలు నిక్కబొడిచాయి, దేనికి వీపు వంగింది, దేనికి వెనక కాళ్లు పడిపోయాయి. ఒక్క పరీక్షకి వందకు పైగా ఎలుకలు పట్టడం మామూలే.

ఇంతా చేస్తే వచ్చే పొటెన్సీ (వ్యాక్సిన్ బలం) అంకె ఎంత గట్టిది? అంచనాలో పావు వంతు నుంచి నాలుగు రెట్ల వరకు అటూ ఇటూ అయినా పరీక్ష చెల్లుతుందని మందుల ప్రమాణాలు పెట్టే యూరోపియన్ ఫార్మకోపియానే ఒప్పుకుంటుంది. డోసుకి కనీసం 2.5 ఐయూ (బలాన్ని కొలిచే అంతర్జాతీయ యూనిట్లు) ఉండాలన్న చోట ఇంత ఊగిసలాట! బ్యాచ్ ఫెయిలైతే తప్పు వ్యాక్సిన్‌దా, ఎలుకలదా, సూది పట్టిన చేతిదా అని తేలక టెన్షన్. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు పొడిచిన కాలం నాటి పరీక్ష ఇది. గొర్రె మెదడుతో చేసిన ఆ వ్యాక్సిన్ని మన దేశంలో ఎప్పుడో ఆపేశారు, పరీక్ష మాత్రం మిగిలింది.

అపోహ: ఎలైజా ప్రొటీన్‌ని లెక్కపెడుతుందే తప్ప అది పనిచేస్తుందో లేదో చెప్పలేదు.

ఈ ప్రశ్న అడిగేవాళ్లకి విషయం కొంత తెలుసు. ఏ యాంటీబాడీ పడితే అది వాడితే నిజంగానే అంతే. రేబిస్ వైరస్ మీదుండే గ్లైకోప్రొటీన్ సహజమైన మడతల్లో ఉంటేనే మనకు రక్షణ ఇచ్చే యాంటీబాడీలు బాగా పుడతాయి. కాబట్టి ప్లేటుకు పూసే మోనోక్లోనల్ యాంటీబాడీ (ఒకే లక్ష్యాన్ని పట్టుకునేలా తయారుచేసినది) మడతలు చెదరని ప్రొటీన్‌నే పట్టుకోవాలి. అది తేల్చుకోవడానికి మంచి వ్యాక్సిన్ పక్క వరసలోనే, కావాలని వేడిలో ఉంచి పాడుచేసిన వ్యాక్సిన్‌ని పోస్తారు. ఆ వరసలో రంగు బాగా తగ్గిపోవాలి. తగ్గలేదంటే, గ్రాఫు ఎంత అందంగా వచ్చినా ఆ ఎలైజా పనికిరాదు.

ఇదేమీ కొత్త ప్రయోగం కాదు. 1997లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన వ్యాక్సిన్ గుర్తుందిగా? అలాంటి రీకాంబినెంట్ (జన్యు ఇంజినీరింగ్‌తో చేసే) హెపటైటిస్-బి వ్యాక్సిన్లకి ఎలైజా తరహా పొటెన్సీ పరీక్ష ఎన్నో ఏళ్లుగా ఆమోదంలో ఉంది.

అపోహ: ఏ జంతు పరీక్ష తీసేసినా భద్రత తగ్గినట్టే.

ఐదు ఎలుకలు, రెండు గినీ పందులు, ఏడు రోజులు: వ్యాక్సిన్ ఎక్కించి వాటికేమైనా అవుతుందా అని చూడటమే అబ్‌నార్మల్ టాక్సిసిటీ టెస్ట్. పాతకాలపు సీరమ్‌లలో (జంతు రక్తం నుంచి తీసిన మందుల్లో) హానికర పదార్థాలు పట్టుకోవడానికి పుట్టింది. ఇప్పటి తయారీలో అది కొత్తగా చెప్పేదేమీ లేదని 2018లో డబ్ల్యూహెచ్‌ఓ నిపుణుల కమిటీ దాన్ని మానేయమంది. నన్నడిగితే ఇంకా ముందే పోవాల్సింది.

అపోహ: కుందేళ్లను మానేస్తే ఇక జంతువులు లేనట్టే.

కుందేలుకి జ్వరం వస్తుందా అని చూసే పైరోజన్ టెస్ట్‌ని తీసేయాలని యూరోపియన్ ఫార్మకోపియా 2024లో నిర్ణయించింది. కానీ చాలాచోట్ల దాని బదులు వాడుతున్న ఎల్‌ఏఎల్ అనే పరీక్ష పదార్థం హార్స్‌షూ పీతల నీలి రక్తం నుంచి వస్తుంది. పైగా అది ఎండోటాక్సిన్‌నే (కొన్ని బ్యాక్టీరియా నుంచి వచ్చే జ్వర కారకాన్నే) పడుతుంది, మిగతా జ్వర కారకాలను పట్టదు. వాటికి మనిషి రక్త కణాలతో చేసే మోనోసైట్ యాక్టివేషన్ టెస్ట్ ఉంది. పీత రక్తం లేకుండానే ఎండోటాక్సిన్‌ని పట్టే రీకాంబినెంట్ ఫ్యాక్టర్ సి కూడా వచ్చింది.

అపోహ: ఇంకేం, ఏడాదిలో అన్నీ మారిపోతాయి.

మారవు. పిల్లలకు వేసే ఐదు జబ్బుల టీకా పెంటావాలెంట్‌లోని కోరింత దగ్గు భాగం చంపిన బ్యాక్టీరియా మొత్తంగా ఉంటుంది. అందులో రక్షణ ఇచ్చేది ఫలానా ఒక్క ప్రొటీన్ అని చూపించలేం, అందుకే అక్కడ ఇంకా ఎలుక మెదడులోకి బ్యాక్టీరియా ఎక్కించే పరీక్షే దిక్కు. పద్ధతి సిద్ధంగా ఉన్నచోట కూడా లైసెన్స్ ఉన్న ప్రతి దేశంలో విడిగా అనుమతి తెచ్చుకోవాలి. ఒక దేశం ఎలైజా చాలంటుంది, ఇంకో దేశం ఎలుకల రిపోర్టు అడుగుతుంది. రెండు చోట్లకీ వెళ్లే బ్యాచ్‌కి రెండు పరీక్షలూ చేయాల్సిందే.