యాప్‌లో ఆఫ్ అని ఉంటే ఆఫ్ అయినట్టేనా? అక్వేరియం కంట్రోలర్ సాకెట్లపై అపోహలు – వాస్తవాలు

మొన్న జనవరిలో ఒక ఆదివారం ఉదయం ఆరున్నరకు సైనిక్‌పురి నుంచి ఫోను. "సార్, చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. నీళ్ళు గోరువెచ్చగా తగులుతున్నాయి. యాప్‌లో మాత్రం హీటర్ ఆఫ్ అనే ఉంది." ముందు హీటర్ ప్లగ్గు తీసేయమన్నాను. "ఆఫ్‌లోనే ఉంది కదా సార్?" అన్నారాయన. తీసిన తర్వాత మాట్లాడుకుందాం అన్నాను. నేను వెళ్ళేసరికి థర్మామీటరు 34 డిగ్రీలు చూపిస్తోంది. పగడాలు తెల్లబడి జిగురు కక్కుతున్నాయి. అయినా ఆయన నాకు ముందు చూపించింది ట్యాంకు కాదు, ఫోను. ఆయన్ని తప్పుపట్టలేను. నాలుగేళ్ళు పెంచుకున్నది కళ్ళ ముందే పోతుంటే మనిషి ఏదో ఒక ఆధారం పట్టుకుంటాడు.

హైదరాబాదులో పదమూడేళ్ళుగా సముద్రపు ట్యాంకులకు, అంటే ఉప్పునీటి అక్వేరియంలకు, సర్వీసు చేస్తున్నాను. వీటిలో హీటర్, పంపుల్లాంటివి ఒక సాకెట్ల పెట్టెకు తగిలిస్తారు. ఆ సాకెట్లను ఆన్, ఆఫ్ చేసేది కంట్రోలర్, దాన్ని ఫోనులో యాప్‌తో చూసుకుంటారు. ఈ సంభాషణ ఎన్ని ఇళ్ళలో జరిగిందో లెక్క లేదు. అందుకే ఈ ఒక్క అపోహ మీద ఎక్కువసేపు నిలబడతాను. మిగతావి చివర్లో గబగబా చెప్పేస్తాను.

అపోహ: యాప్‌లో ఆఫ్ అని ఉంటే సాకెట్ ఆఫ్ అయినట్టే.

కాదు. యాప్ చూపించేది కంట్రోలర్ ఇచ్చిన ఆజ్ఞ. ఆ ఆజ్ఞ అమలైందో లేదో చాలా పెట్టెలకు తెలియనే తెలియదు. కొరియర్ వాళ్ళు పంపే "డెలివరీ అయింది" అన్న మెసేజ్ లాంటిది అది. పార్శిల్ వాచ్‌మన్ దగ్గర ఉందో, పక్క అపార్ట్‌మెంటులో ఉందో మీరే వెళ్ళి చూసుకోవాలి.

దీని వెనక ఇంకో నమ్మకం ఉంది. అసలు నష్టం చేసేది అదే. ఫ్యాను చెడితే తిరగదు, మిక్సీ చెడితే తిరగదు. కాబట్టి సాకెట్ చెడితే కరెంటు రాదు అనుకుంటాం. కంట్రోలర్ సాకెట్ విషయంలో ఎక్కువసార్లు జరిగేది దీనికి తలకిందులు. సాకెట్‌కు కరెంటు కలిపి తెంపే చిన్న స్విచ్ పేరు రిలే. దాని లోపల వెండి మిశ్రమంతో చేసిన రెండు చిన్న బొడిపెలు ఉంటాయి. అవి కలిసినప్పుడూ విడిపోయినప్పుడూ చిన్న మెరుపు పుడుతుంది. ఆ వేడికి పైపొర కొద్దికొద్దిగా కరుగుతుంది. ఏదో ఒక రోజు రెండూ అతుక్కుపోతాయి. ఆ తర్వాత కంట్రోలర్ ఎన్నిసార్లు ఆఫ్ అన్నా అవి విడిపోవు. రిలే బదులు ట్రయాక్ అనే, కదిలే భాగాలు లేని ఎలక్ట్రానిక్ స్విచ్ ఉన్న సాకెట్లూ అంతే, అవి కూడా చాలావరకు షార్ట్ అయ్యే పోతాయి. అంటే చెడిపోయిన సాకెట్ ఆన్‌లో చెడిపోయిందనే ముందు అనుమానించాలి.

"మాది మంచి రిలే, 10 ఆంపియర్లు. నా హీటర్ 300 వాట్లే" అంటారు. నిజమే, 230 వోల్టుల దగ్గర అది ఆంపియరున్నర కూడా కాదు. కానీ ఆంపియర్లతో పాటు ఎన్నిసార్లు కొట్టుకుంటోందో కూడా చూడాలి. మామూలుగా దొరికే నీలం రంగు చక్కెర బిళ్ళ రిలేకు పూర్తి లోడు మీద లక్ష సార్లు పనిచేస్తుందని తయారీదారు పత్రంలోనే ఉంటుంది. హీటర్ వెలిగే, ఆరే ఉష్ణోగ్రతల మధ్య తేడాను 0.1 డిగ్రీకి బిగించి పెట్టుకున్న ట్యాంకుల్లో హీటర్ అయిదు నిమిషాలకోసారి వెలగడం నేను చూశాను. రోజుకు 288 సార్లు. ఏడాది తిరగకముందే లక్ష దాటుతుంది. లోడు తక్కువ కాబట్టి ఇంకా కొంతకాలం లాగుతుంది, కానీ అరిగేది అరుగుతూనే ఉంటుంది. తేడాను 0.5 డిగ్రీకి వదిలేస్తే చేపలకు ఏమీ కాదు, రిలేకు ఆయుష్షు పెరుగుతుంది.

అతుక్కున్న రిలేను స్క్రూడ్రైవర్ పిడితో తడితే విడిపోతుంది. ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన వైద్యం. "తట్టాను సార్, బాగైపోయింది" అని సంతోషంగా చెబుతారు. బాగు కాలేదు. ఒకసారి అతికిన చోట గరుకుతేలుతుంది, మళ్ళీ అతకడానికి అదే దారి చూపిస్తుంది. కోఠీ గుజరాతీ గల్లీలో కొత్త రిలే దొరుకుతుంది. టంకం పని తెలిసినవారు మార్చాలి. తెలియకపోతే ఆ సాకెట్‌కు టేపు అంటించి వదిలేయండి.

మలక్‌పేటలో ఒక ఇంట్లో ఇంకా విచిత్రం జరిగింది. ట్యాంకు కళకళలాడుతోంది, ఉష్ణోగ్రత 26 మీద గీత గీసినట్టు ఉంది. ఫిర్యాదు నాకు రాలేదు, ఇంటావిడకు వచ్చింది, కరెంటు బిల్లు రూపంలో. చలికాలంలో ఏసీ వాడని ఇంటికి వేసవి బిల్లు. మీటరు తప్పని ఆమె, లేదని ఆఫీసులో వాళ్ళు రెండు నెలలు వాదించుకున్నారు. చూస్తే హీటర్ రిలే అతుక్కుపోయి ఉంది. "ఎలాగూ కంట్రోలర్ చూసుకుంటుంది" అని హీటర్ సొంత డయల్‌ను 32 మీద పెట్టారు. అది రాత్రింబవళ్ళు కాస్తుంటే, నీళ్ళను చల్లబరిచే చిల్లర్ దాని వేడిని రాత్రింబవళ్ళు తోడిపోస్తోంది. 300 వాట్లు ఆగకుండా కాలితే రోజుకు 7.2 యూనిట్లు, నెలకు 216. చిల్లర్ ఖర్చు దానికి అదనం. రెండు యంత్రాలు ఒకదానితో ఒకటి కుస్తీ పడుతుంటే యాప్‌లో మాత్రం అంతా ప్రశాంతం.

కాబట్టి హీటర్ డయల్‌ను కంట్రోలర్ కన్నా ఒకటి, ఒకటిన్నర డిగ్రీ పైన మాత్రమే పెట్టండి. కంట్రోలర్ 25.5 దగ్గర ఆపాలంటే డయల్ 27 దగ్గర ఉండాలి. రిలే అతికినా నీళ్ళు 27 దగ్గర ఆగుతాయి. సైనిక్‌పురి ఇంట్లోనూ డయల్ చివరిదాకా తిప్పేసి ఉంది. మీ పెట్టె ఒక్కో సాకెట్ ఎన్ని వాట్లు తీసుకుంటోందో చూపించే రకమైతే, మీరు అదృష్టవంతులు. సాకెట్ ఆఫ్‌లో ఉండగా 5 వాట్లు దాటితే అలారం మోగేలా రాసుకోండి. ఇంత మంచి సదుపాయం ఉండి కూడా దాన్ని రంగు రంగుల గ్రాఫులు చూసుకోవడానికే వాడేవారిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

పరీక్ష ఎలా? హోల్డరుకు రెండు వైర్లు, ప్లగ్గు, 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బు. మా తరం ఎలక్ట్రీషియన్లకు ఇదే ఆసుపత్రి. ఎల్ఈడీ బల్బు పనికిరాదు. సాకెట్‌లో పెట్టి యాప్‌లో ఆన్, ఆఫ్ అయిదారుసార్లు మార్చండి. బల్బు వెలగాలి, పూర్తిగా ఆరాలి. మల్టీమీటరు ఎందుకు వద్దంటే, ట్రయాక్ సాకెట్ ఆఫ్‌లో ఉన్నా కొద్దిపాటి కరెంటు జారవిడుస్తుంది. ఏ లోడూ లేని మీటరుకు అది నూరు వోల్టులకు పైగానే కనిపించవచ్చు. టెస్టర్‌లో నియాన్ దీపం కూడా వెలుగుతుంది. దాంతో "సాకెట్ షార్ట్" అని తేల్చేసి, బాగున్న పెట్టెను పడేసినవాళ్ళున్నారు. బల్బు పెడితే ఆ దొంగ వోల్టేజీ అక్కడే కూలిపోతుంది. చిన్న ఎల్ఈడీ దీపమో, ద్రవాలను కొలిచి పోసే రెండు వాట్ల డోసింగ్ పంపో ట్రయాక్ సాకెట్‌లో పూర్తిగా ఆగకపోవడానికీ కారణం ఇదే. వాటిని రిలే సాకెట్‌కు మార్చండి, అంతే.

అపోహ: పంపు తిరగడం లేదు, కాబట్టి సాకెట్ పోయింది.

ముందు ఆ పంపును నేరుగా గోడ సాకెట్‌లో పెట్టి చూడండి. సగం ఫోన్లు ఇక్కడే ముగిసిపోతాయి. పంపు లోపల తిరిగే రెక్కకు, అంటే ఇంపెల్లర్‌కు, సున్నం పేరుకుని బిగుసుకుపోయి ఉంటుంది, వెనిగర్‌లో నానబెడితే వదులుతుంది. గోడలో తిరిగి పెట్టెలో తిరగకపోతే, సాకెట్ ఆటోలో, అంటే ప్రోగ్రాము చెప్పినట్టు నడిచే స్థితిలో, ఉందా, చేత్తో ఆఫ్ చేసి మరిచిపోయారా చూడండి. తర్వాత కంట్రోలర్‌కూ పెట్టెకూ మధ్య కేబులు గట్టిగా ఉందా చూడండి. అది వదులైతే ప్రతి సాకెట్ దాని ఫాల్‌బ్యాక్ స్థితికి, అంటే కంట్రోలర్‌తో సంబంధం తెగితే ఎలా ఉండాలో ముందే రాసిపెట్టిన స్థితికి, వెళ్ళిపోతుంది. కింది డబ్బా నుంచి ట్యాంకులోకి నీళ్ళు తోసే రిటర్న్ పంపుకు ఫాల్‌బ్యాక్ ఆన్, హీటర్‌కు ఆఫ్ అని రాసి ఉండాలి. ఈ ఒక్కటీ చాలా ట్యాంకుల్లో ఎవరూ ముట్టుకోరు.

నా తప్పు కూడా చెప్పుకోవాలి. మణికొండలో ఒక స్కిమ్మర్, అంటే నురగతో నీళ్ళ మురికి తీసే పరికరం, ఎంతకీ ఆగదు. రిలే అతికిందని ధీమాగా చెప్పి, పెట్టె విప్పి, రిలే మార్చి, డబ్బు తీసుకుని వచ్చేశాను. సాయంత్రానికి మళ్ళీ ఫోను. ఆరేళ్ళ పాప నాన్న ఫోనులో "ఆన్" బొత్తాం నొక్కి ఉంది. ఆటో నుంచి తప్పిన సాకెట్ ప్రోగ్రాము మాట వినదు కదా. డబ్బు వెనక్కి ఇచ్చేశాను. పాప మాత్రం ఇప్పటికీ నన్ను చూస్తే నవ్వుతుంది.

ఇక మిగతావి.

"ఈ పెట్టె బావగారు డాలస్ నుంచి తెచ్చారు, ట్రావెల్ అడాప్టర్ ఉంది కదా." అడాప్టర్ మార్చేది పిన్నుల ఆకారం, వోల్టేజీ కాదు. 120 వోల్టుల పెట్టెకు 230 ఇస్తే లోపలి సర్జ్ రక్షణ భాగం ముందు పేలుతుంది. ఆ వాసన ఇంట్లో రెండు రోజులు ఉంటుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా మన 230 వోల్టుల పంపులు దానికి తగిలించలేరు. వోల్టేజీ తగ్గినా ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జే ఉంటుంది కాబట్టి అక్కడి 60 హెర్ట్జ్ పంపు నీరసంగా తిరుగుతుంది.

చిల్లర్‌ను కంట్రోలర్ సాకెట్‌కు నేరుగా తగిలించకండి. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో నడిచేటప్పటికన్నా అయిదారు రెట్లు లాగుతుంది. ఏప్రిల్, మేలలో మన ఊళ్ళో అది రోజంతా మొదలవుతూనే ఉంటుంది. దాని సొంత థర్మోస్టాట్‌కే వదిలేయండి. కంట్రోలర్‌తోనే నడపాలంటే మధ్యలో పెద్ద లోడును తట్టుకునే స్విచ్, అంటే కాంటాక్టర్, పెట్టించండి, రాణిగంజ్‌లో దొరుకుతుంది. ఆగాక కనీసం అయిదు నిమిషాల విరామం కూడా రాయండి.

"సముద్రం లేని ఊళ్ళో తుప్పేమిటి సార్?" మీ క్యాబినెట్‌లోనే సముద్రం ఉంది. స్కిమ్మర్ తుంపర్లు ప్లగ్గు పిన్నుల మీద ఉప్పు పేరుస్తాయి. పిన్నుకు పచ్చ రంగు వచ్చిందంటే తుప్పు పట్టినట్టే, అక్కడ వేడెక్కే ప్రమాదం ఉంది. పెట్టెను సంపు పైన కాకుండా పక్క అరలో బిగించండి. సంపు అంటే ట్యాంకు కింది డబ్బా. ఇంటి ముందు మున్సిపల్ నీళ్ళ సంపు అనుకుని ఒక ఎలక్ట్రీషియన్ నన్ను బయటికి తీసుకెళ్ళాడు ఒకసారి. వైర్లు సాకెట్ కన్నా కిందికి వేలాడి మళ్ళీ పైకి రావాలి, జారిన చుక్క అక్కడ పడిపోతుంది.

కరెంటు లీకైతే లైను తెంపే ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తప్పించి లైను కలపడం నేరం కింద లెక్క నాకు. 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర అది పడిపోతోందంటే ఎక్కడో కరెంటు కారుతోంది. ఒక్కో పరికరం తీస్తూ చూడండి, చాలాసార్లు గాజు పగిలిన హీటరే. నీళ్ళలో మీటరు పెడితే 40 వోల్టులు వచ్చిందని భయపడేవారికి మాత్రం ఒక మాట. పంపుల చుట్టల నుంచి ప్రేరేపితమైన ఆ వోల్టేజీ వెనక కరెంటు దాదాపు ఉండదు. చెయ్యి జిల్లుమంటే మాత్రం అది వేరే సంగతి, వెంటనే మెయిన్ ఆపండి.

చివరిది, సైనిక్‌పురి ఆయనే మొన్న పెట్టిన మెసేజ్. "కొత్త పెట్టె పెట్టాం కదా సార్. యాప్‌లో అన్నీ ఆఫ్ నొక్కాను. రాయి సర్దాలి, చెయ్యి పెట్టవచ్చా?" కొత్తదైనా రిలే తెంపేది ఒక్క తీగనే. గోడ సాకెట్‌లో ఎర్తు రంధ్రం పైకి ఉన్నప్పుడు ఫేజు కుడివైపు ఉండాలి. వైరింగ్ చేసినవాడు తిరగేసి కలిపితే రిలే న్యూట్రల్‌ను తెంపుతుంది, ఫేజు హీటర్ దాకా అలాగే నిలబడి ఉంటుంది. ప్లగ్గు తీసి చెయ్యి పెట్టండి అని రాశాను. ప్లగ్గు ట్యాంకు వెనక ఉంది, చెయ్యి అందదు అన్నారు. సాయంత్రం వెళ్ళి, ముందువైపు అందే ఎత్తులో రెండు తీగలనూ తెంపే డబుల్ పోల్ స్విచ్ బిగించి వచ్చాను.