మీకు కలుపు, ఆమెకు కూర: ఆడవాళ్లు, పర్యావరణం, కొన్ని అపోహలు

జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో మహిళా సంఘాలతో విత్తనాల పని చేస్తుంటాను. మాట్లాడమని ఎక్కడికి పిలిచినా కొన్ని మాటలు తప్పకుండా వినిపిస్తాయి. వాటికి రెండు నిమిషాల్లో జవాబు చెప్పడం కుదరదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పర్యావరణం కడుపు నిండినవాళ్ల సంగతి. కూలికి పోయేవాళ్లకు అదెందుకు?

వాస్తవం: వానాకాలంలో ఒకసారి మా వైపు చేలల్లోకి వచ్చి చూడండి. ఎవరూ విత్తకుండానే దొగ్గలికూర, తుమ్మికూర, గంగవాయిలికూర మొలుస్తాయి. కలుపు తీయడానికి పోయిన ఆడమనిషి సాయంత్రం ఒడినిండా కూర వేసుకుని ఇంటికొస్తుంది. దానికి సొంత చేను ఉండక్కర్లేదు. ఎవరి చేలో కూరైనా కోసుకోనివ్వడం ఊరి వాడుక. అదే చేలో కలుపు మందు కొట్టారనుకోండి, రైతుకు కూలి ఖర్చు మిగులుతుంది. ఆమెకు మాత్రం రెండూ పోతాయి, కలుపు కూలీ, పొయ్యి మీది కూర. భూమి లేని ఇళ్లు దళితవాడల్లోనే ఎక్కువ, కాబట్టి ఈ దెబ్బ కులాన్ని చూసి కూడా తగులుతుంది. నేను రైతును తప్పుపట్టడం లేదు. పనికి మనుషులు దొరకని టెన్షన్ ఆయనకూ ఉంది. కానీ మందు వల్ల లాభమెంతో లెక్కగట్టేటప్పుడు ఆమెకు పోయినదాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి కదా. ఇన్నేళ్లలో అలా లెక్కగట్టినవాళ్లు నాకు కనబడలేదు.

అపోహ: ఆడవాళ్లకు ప్రకృతి మీద ప్రేమ పుట్టుకతోనే ఉంటుంది.

వాస్తవం: మెచ్చుకోలుగానే అంటారు. నాకు మాత్రం బాధేస్తుంది. కట్టెలూ నీళ్లూ తెచ్చే పని ఆడవాళ్ల మీదే ఉంటే, అడవి తరిగినకొద్దీ ఎక్కువ దూరం నడిచేదీ వాళ్లే. 1974 మార్చి 26న హిమాలయాల్లోని రేణి ఊరికి చెట్లు నరకడానికి మనుషులు వచ్చేసరికి అక్కడ మగవాళ్లు లేరు. నష్టపరిహారం కోసమని చమోలీ వెళ్లారు. ఊరి ఆడవాళ్ల సంఘం మహిళా మంగళ్ దళ్‌కు పెద్దగా ఉన్న గౌరాదేవి ఊరి ఆడవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి అడ్డం నిలబడింది. 1970లో అలకనంద వరదను చూసినవాళ్లు వాళ్లు. కొండ మీద చెట్టు పోతే కింద ఇల్లు పోతుందని కళ్లారా చూసి నేర్చుకున్నారు. దాన్ని ప్రేమ అని సరిపెట్టేస్తే వాళ్ల తెలివిని పక్కన పెట్టినట్టే. పైగా, పుట్టుకతో వచ్చిందే కదా అనుకున్నాక, ఆ పనికి కూలీ ఇవ్వాలనీ, పట్టాలో ఆమె పేరు ఉండాలనీ ఎవరికీ తోచదు.

అపోహ: మొక్కలు నాటితే చాలు, రాజకీయాలు ఎందుకు?

వాస్తవం: కెన్యాలో వంగారి మాథాయ్ కూడా 1977లో మొక్కలతోనే గ్రీన్ బెల్ట్ ఉద్యమం మొదలుపెట్టారు. పల్లె ఆడవాళ్లు నారు పెంచి, బతికిన ప్రతి మొక్కకూ కొంత డబ్బు అందుకున్నారు. 1989లో నైరోబీలోని ఉహురు పార్కులో 60 అంతస్తుల భవనం కట్టాలనుకున్నప్పుడు ఆమె ఎదురు తిరిగారు. భవనం ఆగిపోయింది. ఆమెకు మాత్రం అవమానాలు, ఆ తర్వాత అరెస్టులు, దెబ్బలు తప్పలేదు. నోబెల్ శాంతి బహుమతి వచ్చింది 2004లో. హోండురస్‌లో నది మీద ఆనకట్ట వద్దన్న లెంకా ఆదివాసీ నాయకురాలు బెర్తా కాసెరెస్‌ను 2016 మార్చిలో ఇంట్లోనే కాల్చి చంపారు. మొక్క నాటినంతసేపు అందరూ ఫొటో దిగుతారు. ఈ నేల ఎవరిదని అడిగిన రోజు పక్కన ఎంతమంది మిగులుతారో చూడాలి.

అపోహ: పాత విత్తనాలు దాచడం పాతకాలం మోజు.

వాస్తవం: అప్పు లేకుండా విత్తుకునే దారి అది. 1983లో మా ప్రాంతంలో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలే. జొన్న, కొర్ర, సామ, కంది విత్తులకు బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాచుకుంటారు. 2008లో మాచునూర్‌లో మొదలైన సంఘం రేడియోను నడిపిందీ వాళ్లే. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

బహుమతి కన్నా నాకు ఎక్కువ గుర్తుండిపోయింది ఒక పొద్దుటి సంగతి. సంఘంలోని ఒకామె ఒకప్పుడు విత్తుల కోసం ఏ ఇంటి ముందు నిలబడేదో, ఆ ఇంటి పెద్ద రైతు ఆమె వాకిట్లోకి వచ్చి కొర్ర విత్తులు అడిగాడు. ఆమె కొలిచి పోస్తూ, "పంటొచ్చినంక సేరుకు రెండు సేర్లు ఇయ్యాలె పటేలా. అందరికీ అదే లెక్క" అంది.